నీలవేణి గుంటలో యాప్ పరీక్ష

చింతవాగు అడవిలో ఆ ఏడు వాన తెరిపివ్వలేదు. బడి పైకప్పు ధారగా కారుతుంటే పిల్లల్ని ఇళ్లకు పంపేసి పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కించారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆఖరి పాఠం మాత్రం నలుగురు పిల్లలు కలిసి రాయాలి, వాగు దాటే దారుల మీద. అందులో చెయ్యి వెయ్యని పిల్లకు ఏడాది పోయినట్టే. మేక పంతులమ్మ కోటమ్మ బెంగంతా తాబేలు పిల్ల నీలవేణి గురించే. వాగు అవతల గుంటలో ఉంటుంది ఆ పిల్ల. అక్కడ సిగ్నలు ఒక్క గీత వస్తే గొప్ప.

సరిగ్గా అప్పుడే బడికి పాఠాల యాప్ అమ్ముదామని మెరిసే ఫోనొకటి పట్టుకుని నక్క నరహరి దిగాడు.

"హెడ్మాస్టరుగారూ, ఇటు చూడండి! పిల్ల ఒక్క వాక్యం రాస్తే కిరీటం. రెండు రాస్తే నెమలి నాట్యం. ఎవరు ముందో ఎవరు వెనకో ఇట్టే తేలిపోతుంది!"

ఎలుగుబంటి హెడ్మాస్టరు భద్రయ్య నోరు తెరుచుకుని చూశాడు. "అబ్బో! నెమలి భలే ఆడుతోందయ్యా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఆగండి సార్," అంది కోటమ్మ. "సంతలో కుండయినా తట్టి చూడందే కొంటామా? ఏం నరహరీ, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చా ఇందులో?"

"దిద్దడమెందుకు పంతులమ్మా? పోటీ పడాలి గానీ!"

"ఒక్క గీత సిగ్నలుంటే తెరుచుకుంటుందా?"

"ఒక్క తాబేలు కోసం బడంతా వెనకబడాలా? చాదస్తం కాకపోతే!"

కోటమ్మకు ఒళ్లు మండిపోయింది. గిట్ట నేలకేసి కొట్టింది.

"ఆ పిల్ల లేకుండా నా క్లాసులో పాఠం లేదు. నువ్వే వెళ్లి ఆ గుంటలో కూర్చో. ఆ పిల్ల ఫోనులోనే నీ యాప్ తెరిచి, మధ్యాహ్నంలోగా నలుగురి చేతా పాఠం రాయించు. రాయిస్తే సంతకం నేనే దగ్గరుండి పెట్టిస్తా."

"ఓస్, ఇంతేనా!" నరహరి తోక ఎగరేసి వాగులోకి దిగాడు. అప్పటికి నీళ్లు మోకాలి లోతే.

గుంటలో నీలవేణి ఫోను మీద యాప్ తెరుచుకోక చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఇందాకట్నుంచీ తిరుగుతూనే ఉంది మామా," అంది నీలవేణి.

ఇవతలి ఒడ్డున ఇంకో భాగోతం. కిరీటాల ఆశకొద్దీ కుందేలు పిల్ల ఒకే వాక్యాన్ని పదిహేడుసార్లు రాసింది. కోతిపిల్ల నెమలిని ఆడిస్తూ కూర్చుంది. ఉడుతపిల్ల అందరికన్నా వెనకబడ్డానన్న ఉక్రోషం పట్టలేక ఫోను కట్టేసింది.

మధ్యాహ్నం దాటింది. నరహరి మొహం మాడ్చుకుని, తన ఫోనుకు సిగ్నలు వెతుక్కుంటూ గుంటలోంచి వాగు అవతలి ఒడ్డు మీదికి వెళ్లాడు. కోటమ్మ వెంటనే నలుగురికీ కబురు పెట్టింది. "కిరీటాలు పక్కన పెట్టండర్రా! మన మామూలు పేజీ తెరవండి. ఉత్త అక్షరాలే ఉంటాయి. అందరూ రాయండి, అందరూ దిద్దండి."

నీలవేణి గుంటలో ఆ పేజీ ఒక్క గీతకే తెరుచుకుంది.

"నల్లబండ మీంచి దూకితే చాలు," అని కుందేలు రాసింది.

"వద్దు," అని నీలవేణి దిద్దింది. "నిన్నటి వానకు బండ కింద సుడి పడింది. మద్దిచెట్టు వేళ్లు పట్టుకుని దాటాలి."

"ఆ చెట్టు మా ఇల్లే. మూడో వేరు పుచ్చిపోయింది, పట్టుకోవద్దు," అని ఉడుత చేర్చింది. కోతిపిల్ల అన్నీ వరసగా సర్దింది. పాఠం పూర్తయింది!

ఈలోగా వాగు పొంగింది. అవతల నరహరి ఇటు రావాలని నల్లబండ మీదికి దూకబోతున్నాడు.

"మామా, ఆ బండ మీద కాలు పెట్టకు!" గుంటలోంచి నీలవేణి గట్టిగా అరిచింది.

నరహరి కాలు వెనక్కి లాక్కున్నాడు. "మరి దారేదీ?"

"నీ యాప్‌ని అడుగు!" అంది ఇవతల నుంచి కోటమ్మ.

నరహరి ఫోనులోనూ చక్రం తిరుగుతూనే ఉంది. నీళ్లు అతని పాదాల దాకా వచ్చాయి. "పంతులమ్మా, నీకు పుణ్యముంటుంది. పిల్లల పేజీ నాకూ పంపు!"

కోటమ్మ పంపింది. నరహరి ఒక్కో వాక్యం పైకి చదువుకుంటూ, ఒక్కో వేరూ పట్టుకుంటూ, మూడోది వదిలేసి, ఇవతలి ఒడ్డెక్కాడు. భద్రయ్య కలం పట్టుకుని తెల్లమొహం వేశాడు.

"ఇప్పుడు సంతకం ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"నీలవేణి పైతరగతికి వెళ్లే కాగితం మీద," అంది కోటమ్మ.

నీతి: చదువుకు పనికొచ్చే సాధనమేదో అమ్మేవాడి చేతిలో తేలదు, అందరికన్నా దూరాన ఉన్న పిల్ల చేతిలో తేలుతుంది.