కండువా మీద అయిదు వేళ్ళు

"నాంచారీ! ఓ నాంచారీ! తలుపు తియ్యి! లోపల ఎవరున్నారు?"

మిట్టమధ్యాహ్నం సొంత గుమ్మం ముందే నిలబడి అరుస్తున్నాడు సింగరయ్య. నక్షత్రాలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున గుడ్డల మీద బొమ్మలు వేసే అద్దకపు పనివాడతను. నాంచారి అతని భార్య.

"పిల్లి ఉందండీ. పిలవమంటారా?" అంటూ తలుపు తీసింది ఆమె.

అతను ఆమె తలలో పూలు చూశాడు. "ఆ మల్లెలెవరిచ్చారు?"

"మన పెరటివే."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. "ఎందుకు నవ్వుతున్నావు?"

"మీరొచ్చారని."

"నేను రాకముందే నవ్వావు!"

మూడోనాడు మంచం కింద దూరాడు. బూజు తప్ప ఏమీ దొరకలేదు. "రేపు ఊరిపెద్దను పిలుస్తా. నిన్ను ఇల్లు వెళ్ళగొడతా!" అన్నాడు, ముక్కు మీద బూజుతోనే.

నాంచారి గుండె చెరువైంది. ఆ గోడల మీది నెమళ్ళన్నీ ఆమె వేసినవే. ఇవన్నీ వదిలి ఎక్కడికి పోతుంది? ఏడుస్తూ ఏడుస్తూ ఆగిపోయింది. 'దాక్కునే చోట్లు ఈయనకిన్ని ఎలా తెలుసు?'

రోజూ కసిమి తెస్తానని, ఊళ్ళో దాన్ని అమ్మే పారిజాతం ఇంటికి వెళ్ళేవాడతను. కసిమి అంటే ఇనుము నానిన బెల్లంనీళ్ళు, అద్దకంలో నలుపుకు వాడేవి. ముంతెడు తేవడానికి పూటంతా పట్టేది.

తెల్లవారుజామున నాంచారి అతని కండువాను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసింది. ఆ ఇంట్లో ప్రతి గుడ్డకీ ఆ వాసనే. అన్నిటినీ అనుమానించే సింగరయ్య దాన్నొక్కదాన్నీ అనుమానించలేదు. భుజాన వేసుకుని కసిమికి వెళ్ళాడు. వస్తూ వస్తూ ఊరిపెద్దను వెంటబెట్టుకొచ్చాడు.

"అయ్యా, దీని గుట్టు తేల్చండి!"

"ముందు ఆయన వీపు చూడండి మావా," అంది నాంచారి.

కండువా మీద అయిదు వేళ్ళు, కాటుకలా నల్లగా!

"కరక్కాయ తాగిన గుడ్డకు కసిమి అంటిన చెయ్యి తగిలితే అంతే మరి," అంది నాంచారి.

"అది... నా చెయ్యే," అన్నాడు సింగరయ్య.

"వీపు మీదా? ఏదీ, పెట్టి చూపించు!" అన్నాడు పెద్ద.

చెయ్యి అందలేదు. కండువా తీసి నేల మీద పరిచారు. సింగరయ్య వేళ్ళు లావు. ఆ గుర్తులు సన్నం.

"మరి ఇల్లు విడవాల్సింది ఎవరయ్యా?" అన్నాడు పెద్ద.

సింగరయ్య నేల మీది కండువా తీసి మడిచాడు. "నేనే. పారిజాతం దగ్గరికి పోయేది నేనే. నా నడత నాకు తెలుసు గనక, నాంచారీ, ప్రతి తలుపు వెనకా నాలాంటివాడే కనిపించాడు."