నిచ్చెన మీది ఆమేన్

మా పెద్దమ్మమ్మ కృపావరమ్మగారిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే, ఆవిడ ముందు వాళ్ళ చేతికి ఒక పని ఇచ్చేవారు. చింతపండులో గింజలు తియ్యమనేవారు, గుడిలో చాపలు దులపమనేవారు, లేకపోతే పక్కింటి బాలింతకు కారం అన్నం ఇచ్చి రమ్మనేవారు. ఆ పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరికి అసలు ప్రశ్నే మారిపోయేది. ఆవిడ వాదించడం మా ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆవిడ మా గోదావరి లంకల్లో బైబులమ్మ. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించి, వాళ్ళ కష్టసుఖాలు విని, ప్రార్థన చేసి వచ్చే పని. గృహకూటానికి, అంటే ఇంట్లో పెట్టుకున్న ప్రార్థనకు, ఆవిడ వస్తున్నారంటే, టీవీ, సినిమాలు పాపమని మా గుడివాళ్ళ నమ్మకం కనక, ఆ ఇంటివాళ్ళు గబగబా టీవీ మీద దుప్పటి కప్పేవారు. ఆవిడ చాప మీద కూర్చుని, ఆ దుప్పటికేసి చూసి, "దానికి జ్వరమా అమ్మా?" అని అడిగేవారు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వుతో ఇంటావిడే లేచి దుప్పటి తీసేసేది. ఆ తరవాత ఆ ఇంట్లో ప్రార్థన కాస్త నిజంగా ఉండేదని మా అమ్మ చెప్పేది.

ఆవిడ దగ్గర ఈ సేవ నేర్చుకోవడానికి చేరిన పిల్ల హెప్సిబా. ఊరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి కూతురు. మాకు వరసకు పిన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఆ పిన్ని నోటి నుంచి నేను విన్నదే.

హెప్సిబాకు జక్రయ్య అని ఒక అన్న. గుడిలో డోలక్కు వాయించేవాడు. చెయ్యి పడిందంటే ముసలివాళ్ళు కూడా తలలూపేవారు. అలాంటివాడు ఒకరోజు సినిమావాళ్ళ వెంట హైదరాబాదు వెళ్ళి, షూటింగుల్లో లైట్లు మోసి నిలబెట్టే పనిలో చేరాడు. ఉపదేశిగారు ఆ కబురు విని, "వాడు నా గడప తొక్కకూడదు" అన్నారు. అన్నవారు అన్నట్టే ఉన్నారు. అయితే ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం, అందరి పేర్లూ అయ్యాక, గొంతు తగ్గించి జక్రయ్య పేరు కూడా చెప్పేవారు. చివరి మంచం పట్టిన రోజుల్లోనూ మానలేదు. ఆయన పోయినప్పుడు కొడుకు వచ్చి వీధిలోనే నిలబడి, శ్మశానం దాకా నడిచి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. హెప్సిబా కూడా పిలవలేదు.

అలా ఉండగా ఒక సినిమా కంపెనీ మా లంకకు షూటింగుకు వచ్చింది. దొరల కాలం నాటి మా పెంకుల గుడి వాళ్ళకు నచ్చింది. జక్రయ్య కూడా ఆ బృందంలో ఉన్నాడు. వచ్చిన పూటే చెల్లెలికి కబురు పెట్టాడు. "చెల్లీ, సాయంత్రం పని అయ్యాక ఇంటికి వస్తాను. నీ చేతి అన్నం తిని చాలా కాలమైంది. తలుపు తీసి ఉంటే లోపలికి వస్తాను. మూసి ఉంటే అలికిడి చెయ్యకుండా వెళ్ళిపోతాను. మళ్ళీ అడగను."

ఆ కబురు వినగానే హెప్సిబా ఇంటి తలుపు మూసి బయలుదేరింది. తిన్నగా కృపావరమ్మగారి దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, సినిమాల్లో పడ్డ మనిషికి దేవుడి భయం మిగులుతుందా? మిగిలిందని నమ్మి తలుపు తియ్యనా? నాన్నగారి మాట పట్టుకుని మూసుకోనా?" అని అడిగింది.

కృపావరమ్మగారు కొంగు సర్దుకుని లేచారు. "ఇవాళ గుడిలో ఏదో ప్రార్థన సీను తీస్తారట. మన స్త్రీల సమాజాన్ని కూర్చోమని అడిగారు. పద" అన్నారు.

"మీరు సినిమాలో కూర్చుంటారా!"

"గుడిలో కూర్చుంటాను. వాళ్ళూ అక్కడ ఉంటారు, అంతే కదా."

గుడిలో అప్పటికే వైర్లు పాముల్లా పరిచి ఉన్నాయి. డైరెక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. కథ చెప్పాడు. ఒక తల్లి బిడ్డ చావుబతుకుల్లో ఉంది. ఆమె గుడికి పరుగెత్తుకొస్తే, అక్కడి ముసలమ్మలు ఆమెను మధ్యకు తీసుకుని ప్రార్థన చేస్తారు. ఆ తల్లి వేషం వేసే నటి, నడివయసు మనిషి, ఒక మూల కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. డైరెక్టరు బల్ల వైపు చూపించి, "ఆ వెండి గిన్నె ఆవిడ చేతిలో ఉంటే సీను అదిరిపోద్దండి" అన్నాడు.

అది ప్రభు భోజన సంస్కారపు గిన్నె, యేసు రక్తానికి గుర్తుగా ద్రాక్షరసం పంచేది.

కృపావరమ్మగారు లేచి వెళ్ళి ఆ గిన్నెను తెల్లగుడ్డలో చుట్టి చేతుల్లోకి తీసుకున్నారు. "దీనికి నటించడం రాదు బాబూ" అన్నారు మెత్తగా.

డైరెక్టరు నవ్వేశాడు. "మరి మీకు వచ్చాండీ?"

"మాకూ రాదు. ఎలా అవుద్దో చూద్దాం."

అప్పుడు ఆవిడ గుమ్మం బయటే బిగుసుకుని నిలబడ్డ హెప్సిబాను పిలిచారు. "ఇంద. రెండు చేతులతో పట్టుకో. లోపలికి రాకపోతే రాకు, ఆ కిటికీ దగ్గర నిలబడు. కింద పెట్టకు, చెయ్యి మార్చకు." హెప్సిబా గిన్నెను గుండెకు ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఆ చేతులతో మొహానికి కొంగు అడ్డం పెట్టుకోవడం కుదరదు. లోపల నిచ్చెన చివర, పెద్ద లైటు పక్కన, జక్రయ్య కనిపించాడు. చిక్కిపోయాడు. చెవుల దగ్గర నెరిసింది. చెల్లెల్ని చూసి నవ్వబోయి, ఆగిపోయి, లైటు సర్దుకున్నాడు.

మా స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అందరూ గుండ్రంగా చాపల మీద కూర్చుంటారు. ఒకరు మనసులో ప్రార్థన చేసి, ముగించాక పక్కావిడ చెయ్యి తడతారు. అప్పుడు ఆవిడ మొదలుపెడుతుంది. అలా చుట్టూ తిరిగి చివరి మనిషి దగ్గరికి వస్తుంది. ఆ చివరి మనిషి ప్రార్థన చేసి, పైకి వినబడేలా "ఆమేన్" అంటేనే అందరూ కళ్ళు తెరవాలి. అంతవరకూ తెరవరు. ఒక వానాకాలం పైకప్పు కారి అందరూ తడిసి ముద్దయినా, ఆఖరావిడ ఆమేన్ అనేదాకా ఒక్కరూ లేవలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

డైరెక్టరు ఆ నటిని కృపావరమ్మగారి ఎడమ పక్కన కూర్చోబెట్టాడు.

"అది ఆఖరి మనిషి చోటు బాబూ" అన్నారు ఆవిడ.

"మీరిద్దరూ పక్కపక్కన ఉంటే చూడ్డానికి బాగుంటుందండి."

"సరే. పాప పేరేంటి?"

"ఏ పాపండీ?"

"జబ్బు చేసిన పాప. పేరు తెలియకుండా ఎవరి కోసం అడగమంటావు?"

డైరెక్టరు తన అసిస్టెంటు వైపు చూశాడు. అసిస్టెంటు కాగితాలు తిరగేసి బుర్ర గోక్కున్నాడు. కథలో ఆ పాపకు పేరు పెట్టలేదు. అప్పుడు ఆ నటి తల వంచుకునే, "చిన్ని అనుకోండమ్మా" అంది. ఆ పేరు ఆవిడకు ఎక్కడ తట్టిందో ఎవరూ అడగలేదు.

లైటు వెలిగింది. డైరెక్టరు యాక్షన్ అన్నాడు. కృపావరమ్మగారు కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి పక్కావిడ చెయ్యి తట్టారు. ఆవిడ మరొకరి చెయ్యి తట్టింది. గుడిలో కెమెరా చప్పుడు తప్ప మరేమీ లేదు. ప్రార్థన సగం చుట్టు తిరిగేసరికి డైరెక్టరుకు కావలసింది దొరికింది.

"కట్! బ్రహ్మాండం! అమ్మా, అయిపోయిందండి, లేవొచ్చు."

ఎవరూ లేవలేదు. ఒక చెయ్యి ఇంకో చేతిని తట్టింది.

"అమ్మా! అయిపోయిందమ్మా!"

"నిద్రపోయారేమో సార్" అన్నాడు అసిస్టెంటు.

"ఇంతమంది ఒకేసారి ఎలా నిద్రపోతార్రా! ఒరే జక్రయ్యా, లైటాపు. చీకటి పడితే వాళ్ళే లేస్తారు."

జక్రయ్య లైటు ఆపలేదు. నిచ్చెన మీద నుంచే అరచెయ్యి చూపించి, ఆగమన్నట్టు సైగ చేశాడు. ఆ పెద్ద లైటు ఆపితే టప్పుమని చప్పుడవుతుంది. కింద ఆఖరి చెయ్యి అప్పుడే ఆ నటి చేతిని తట్టింది.

ఆవిడకు మా పద్ధతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. తట్టిన చేతికేసి ఒకసారి చూసి, కెమెరా ఆగిపోయిందని తెలిసి కూడా, మెల్లగా కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. కాసేపటికి భుజాలు కదిలాయి. ముసలమ్మలందరూ కళ్ళు మూసుకుని, ఆఖరావిడ ఆమేన్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆమేన్ అనాలని ఆఖరావిడకు తెలియదు.

"ఏరా, దిగుతావా, నన్నెక్కమంటావా?" అని కింద నుంచి పెద్ద లైట్‌మన్ పళ్ళు నూరాడు. "ఎప్పుడయ్యావురా పాస్టరువి?"

జక్రయ్య దిగలేదు. ఆఖరావిడ బదులు అతను ఆ క్షణంలోనే ఆమేన్ అనేసి ఉంటే అందరూ లేచేవారు, తిట్లు తప్పేవి. కానీ ఆ నటి భుజాల వైపే చూస్తూ నిలబడ్డాడు. లైటు వేడికి చెమట కారి కళ్ళలో పడుతున్నా తుడుచుకోలేదు. ఆవిడ వణుకు తగ్గి, కొంగుతో మొహం తుడుచుకుని, నిట్టూర్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నిచ్చెన మీద నుంచి, పెద్దగా కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళతో చెప్పినట్టు, "ఆమేన్" అన్నాడు.

"ఆమేన్" అన్నారు ముసలమ్మలందరూ. కళ్ళు తెరిచారు. ఒకావిడ మోకాళ్ళు పట్టుకుని, "మగ గొంతు వచ్చిందేంటే, ఎవరే ఆఖర్న కూర్చున్నది?" అంది. టప్పుమని లైటు ఆరిపోయింది.

డైరెక్టరు కోపంగానే ఉన్నాడు. "రేపటి నుంచి నువ్వు లోపలికి రాకు. బయట జనరేటరు దగ్గర ఉండు" అన్నాడు. జక్రయ్య "అలాగే సార్" అని నిచ్చెన దిగి వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. కిటికీ వైపు చూడలేదు. ఆ సీను సినిమాలో ఉంచారో తీసేశారో మాకు తెలియదు. మా వాళ్ళెవరూ చూడలేదు.

గట్టు మీద ఇంటికి నడుస్తున్నప్పుడు కృపావరమ్మగారు, "ఆమేన్ ఎవరన్నారే? నాకు కళ్ళు మూసుకుని ఉంటే తెలియలేదు" అన్నారు. ఆ గొంతు ఆవిడకు పసితనం నుంచీ తెలుసు. అయినా అడిగారు.

హెప్సిబా చెప్పింది. లైటు ఆపమంటే ఆపకపోవడం, అరచెయ్యి చూపడం, తిట్లు తినడం, ఆ నటి మొహం తుడుచుకునేదాకా ఆగడం, అన్నీ చెప్పింది. గుడ్డ చుట్టిన గిన్నె ఇంకా గుండెకే ఆనించి ఉంది.  అంతలోనే, "పని ఆలస్యమవుతుందని ఆమేన్ అన్నాడేమో అమ్మగారూ. లోపల ఏముందో మనకేం తెలుసు?" అంది.

"అయుండొచ్చు. నేను చూడలేదు కదా. చూసినదానివి నువ్వు."

 ఉపదేశిగారి ఇల్లు కనబడింది. తలుపు మూసి ఉంది. పొద్దు వాలుతోంది. హెప్సిబా అడుగులు నెమ్మదించాయి.

"మరి నాన్నగారి మాట?"

"ఏ మాటమ్మా? గడప తొక్కకూడదన్న మాటా, రోజూ సాయంత్రం చివర్న గొంతు తగ్గించి అడిగిన మాటా?"

 కృపావరమ్మగారు గుమ్మం ముందు ఆగి, రెండు చేతులూ చాచారు.

"ఆ గిన్నె ఇలా ఇచ్చెయ్యి. ఇక నీ చేతులతో నీకు పనుంది."