రచ్చ గెలవబోయిన రాజు

ఒకానొక రాజ్యం ఉండేది. పేరెందుకు లెండి, ఆ వంశంవాళ్ళు ఇంకా మన చుట్టుపక్కలే ఉన్నారు. దాన్ని ఏలే ప్రచండభూపతికి తనంటే ఎంత గౌరవమంటే, అద్దం ముందుకు వెళితే ముందుగా తానే నమస్కారం పెట్టేవాడు.

ఒకనాడు ఆయన శాసనాలు చెక్కే అక్కోజును పిలిపించాడు.

"నేతవాడలో ఉన్న రచ్చ నడుమ నా జయస్తంభం నిలబెట్టి, చుట్టూ కంచె వేయిస్తాను. దాని మీద 'ఇంట గెలిచి రచ్చ గెలిచిన ప్రచండభూపతి' అని చెక్కు."

"ఆహా!" అన్నాడు మంత్రి విశ్వంభరుడు. రాజుగారు తుమ్మినా ఆయన ఆ మాటే అనేవాడు.

రచ్చ అంటే వాడంతా కలుసుకునే మైదానం. పంచాయతీలు, పిల్లల ఆటలు, ముసలివాళ్ళ కోతలు అన్నీ అక్కడే. అది పోతే నేతవాళ్ళకు మగ్గానికెక్కించే నిలువుపోగుల పడుగు చాపుకోవడానికి బారెడు నేల ఉండదు. అక్కోజు ఉలి పట్టుకున్నాడు.

పది రోజులకు రాజుగారు వచ్చి చదివారు. "ఇంట గెలిచిన ప్రచండభూపతి." అంతే. అదైనా నిజమో కాదో రాణిగారినే అడగాలి.

"రచ్చ ఏదిరా?" అని గర్జించాడు రాజు.

"నేనూ అదే వెతుకుతున్నాను ప్రభూ. పట్నంలో ఆరు రచ్చలుండేవి. ఒకదానిలో మీ ఏనుగులశాల లేచింది. మూడు మీ గుర్రాలకు పోయాయి. ఒకటి మంత్రిగారి మామిడితోట అయింది. ఈ ఆరోదానికి ఎల్లుండి కంచె. లేని రచ్చ గెలిచారని రాస్తే, 'ఎక్కడ గెలిచాడు, ఏనుగులశాలలోనా?' అని రాబోయే తరాలవాళ్ళు అడగరూ?"

మంత్రి "ఆహా" అనబోయి నోరు మూసుకున్నాడు.

"అయితే కంచె పడేలోపే గెలుస్తాను" అన్నాడు రాజు. "ఓడితే ఆ నేల నేతవాళ్ళది. గెలిస్తే నువ్వు రాజ్యం వదిలి పోవాలి!"

"చిత్తం. రచ్చలో ఆటే యుద్ధం ప్రభూ. సైన్యం పనికిరాదు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ వెళ్ళారు. మైదానం ఈ కొస నుంచి ఆ కొసదాకా పడుగు చాపి ఉంది. వేల పోగులు ఎండలో నీటిపాయలా మెరుస్తున్నాయి. తల్లులూ తండ్రులూ రెండు పక్కలా నడుస్తూ కుంచెలతో గంజి పెడుతున్నారు. ఆ దారాల కింద నుంచి ఇరవై మంది పిల్లలు తలలు వంచుకుని పరుగెడుతున్నారు. ఒక్క పోగు తెగలేదు. ఒక్కరూ ఎవరినీ కసరలేదు.

రాజు తన కోటలో అంత అందం ఎప్పుడూ చూడలేదు. కాళ్ళకున్న చెప్పులు ఎవరూ చెప్పకుండానే విప్పేశాడు.

ఓ పక్కన నేలమీద గీసిన పులిజూదం ముందు ముసలి గవరమ్మ కూర్చుని ఉంది.

"రండి దొరా. పులులా, మేకలా?"

"పులులే!" అన్నాడు రాజు. వేరే ఏం కోరుకుంటాడు?

గవరమ్మ మేకలు ఒకటొకటే కదిలాయి. గంజి ఆరేలోపు మూడు పులులకూ కదలడానికి గీత లేకుండా పోయింది.

"కట్టేశాను దొరా."

రాజు పులులూ మేకలుగా పెట్టిన ఆ గులకరాళ్ళ వంక చూశాడు. అంతలో పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"మేకలు కలిసి కూర్చుంటే పులికి దారే లేదన్నమాట! అక్కోజూ, ఈ నేల వాడవాళ్ళదే. తక్కిన అయిదు రచ్చలూ ఖాళీ చేయిస్తాను. ఇదిగో, ఇది నీకు" అని చేతి కంకణం తీసి తొడిగాడు.

మంత్రి తన మామిడితోటను తలచుకుని నిట్టూర్చాడు.

"అమ్మా, ఇంకొక్క ఆట" అన్నాడు రాజు.

"ఇక్కడ వరస ఉంది దొరా. తరవాత వంతు చాకలి ఈరన్నది. లేవండి మరి."

రాజ్యంలో అప్పటిదాకా ఆయన్ను లెమ్మన్నవాళ్ళు లేరు. ప్రచండభూపతి లేచాడు. ధోవతి దులుపుకుని, వరసలో అందరికన్నా వెనక వెళ్ళి నిలబడ్డాడు.

ఆయన వెనక మంత్రి నిలబడి "ఆహా!" అన్నాడు. ఈసారి ఎందుకన్నాడో తనకూ తెలిసినట్టే ఉంది.