సమాధానం కావాలట

నిస్సి చెప్పింది తప్పు కాదండీ. నూటికి నూరుపాళ్ళూ ఒప్పే. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆదివారం సాయంత్రం మా వసారాలో ప్రార్థన కూటం జరుగుతుంది. పదిమంది ఆడవాళ్ళం, మాకు వాక్యం చెప్పడానికి యోబు మాస్టారు. ఆయన మిషన్ బళ్ళో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. నరసాపురం పక్క ఊరు కదా మాది, చేతులు ఊరుకోవు, వాక్యం వింటూనే లేసు అల్లుకుంటాం. టీ పెట్టేది నేను. సగంమంది పరంజ్యోతమ్మ టీ కోసమే వస్తారని మాస్టారు నన్ను వేళాకోళం చేస్తారు గానీ, రెండో గ్లాసు అడిగేది మాత్రం ఆయనే.

నిస్సి మా ఊరి హైస్కూల్లో తెలుగు టీచరు. పాతికేళ్ళ పిల్ల. మాస్టారి తర్వాత కూటం నడపాలని ఆయన దగ్గర నేర్చుకుంటోంది. మంచి పిల్లే. కాకపోతే ఎవరైనా ఒక మాట పొరపాటుగా అంటే దానికి నిద్ర పట్టదు, దిద్దేదాకా ఊరుకోదు.

ఆవేళ వాక్యం నిస్సే చెప్పింది. యేసు ప్రభువు శిష్యుల్ని విడిచి వెళ్ళే ముందు, తన సమాధానం వాళ్ళకి ఇచ్చి వెళ్తున్నానని చెప్పిన చోటు. ఆ మాట వినగానే సంతోషమ్మ ఒళ్ళో లేసు పక్కన పడేసి రెండు చేతులూ పైకెత్తేసింది.

"స్తోత్రం తండ్రీ! ఇస్తానన్నావు, ఇక ఇచ్చేస్తావు! మా అక్క నాతో ఎందుకు మాటాడదో సమాధానం ఇచ్చేస్తావు!"

సంతోషమ్మకి చదువు రాదు. కూటానికి రావడం మొదలుపెట్టి రెండేళ్ళు. గోదారి పాయ దాటితే లంకలో ఉంటుంది వాళ్ళక్క రాహేలమ్మ. ఆరేళ్ళ కిందట ఉన్నట్టుండి ఈవిడతో మాటలు మానేసింది. కారణం చెప్పలేదు. వెళ్తే తలుపేసుకుంది, కబురంపితే కసిరి పంపేసింది. రెండేళ్ళుగా సంతోషమ్మ ప్రార్థన ఒక్కటే, అక్క ఎందుకు మాటాడదో చెప్పు ప్రభువా అని.

నిస్సి నవ్వింది. బళ్ళో పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. "ఇక్కడ సమాధానమంటే జవాబు కాదండీ సంతోషమ్మగారూ. బైబిల్లో సమాధానమంటే శాంతి. ప్రశ్నకి చెప్పే సమాధానం వేరు, ఇది వేరు."

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు.

"అయితే ఆయన జవాబు చెప్తానన్లేదా అమ్మా?" అంది సంతోషమ్మ.

"ఈ వాక్యంలో అన్లేదండీ."

"ఓహో," అంది. లేసు చుట్టేసి సంచిలో పెట్టుకుంది. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. ఇంట్లో ప్రార్థన కూడా మానేసిందని వాళ్ళ పక్కింటావిడ చెప్పింది.  అది విని నిస్సి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

రెండో శనివారం బడి సెలవు. పొద్దున్నే నన్ను వెంటేసుకుని మాస్టారింటికి వెళ్ళింది.

"నేను చెప్పిన అర్థం తప్పా మాస్టారూ?"

"ఒప్పే," అన్నారు మాస్టారు.

"నిఘంటువు కూడా చూశానండీ."

"మంచి పని చేశావు."

"మరి ఆవిడ ప్రార్థన ఎందుకు మానేసిందండీ? నావల్లేనా?"

మాస్టారు లేచారు. చొక్కా తొడుక్కుని గొడుగు తీసుకున్నారు. "పదండి," అన్నారు. 'పదండి' అన్నారు కాబట్టి నేనూ బయల్దేరాను. లేకపోతే మాత్రం ఆగుతానేంటి!

సంతోషమ్మ అరుగు మీద కూచుని లేసు అల్లుతోంది. మమ్మల్ని చూసి కుర్చీ వేసింది, మజ్జిగిచ్చింది, మర్యాదకేం లోటు చెయ్యలేదు. కూటం ఊసు మాత్రం ఎత్తలేదు.

"ఏం కావాలమ్మా నీకు?" అని అడిగారు మాస్టారు. అంత సూటిగా అడుగుతారని నేననుకోలేదు.

సంతోషమ్మ చేతిలో సూది ఆగింది. "నాకు మా అక్క దగ్గర్నించి సమాధానం కావాలి మాస్టారండీ. మాట తప్పో ఒప్పో నాకు తెలవదు. అదే కావాలి." అంటూనే కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది.

నిస్సి తల దించేసుకుంది. మాస్టారు మజ్జిగ తాగేసి లేచారు.

లంకకి పడవెక్కే రేవు దాకా వచ్చి ఆయన మాత్రం పడవ ఎక్కలేదు. టీ కొట్టు బల్ల మీద కూలబడి నిస్సితో అన్నారు. "నువ్వెళ్ళి రాహేలమ్మతో ఆవిడన్న మాట ఆవిడన్నట్టే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువొద్దు. అర్థం చెప్పకు."

"అర్థం అడిగితేనో?"

"మంచినీళ్ళడుగు."

నావైపు తిరిగారు. "పరంజ్యోతమ్మా, తోడెళ్ళు. నువ్వు అసలు నోరే విప్పకు."

ఇంతకంటే కష్టమైన పని ఈ జన్మలో నాకెవరూ చెప్పలేదు.

లంకలో రాహేలమ్మ గుమ్మంలో కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది. ముప్పయ్యేళ్ళుగా ఆ లంక సంఘంలో ఉన్న మనిషి, వాక్యం బాగా తెలుసు. మమ్మల్ని చూడగానే ముఖం మాడ్చుకుంది.

"ఏం, మళ్ళీ కబురు పంపిందా? 'నేనేం చేశాను, నేనేం చేశాను' అని, అదేగా!"

మాస్టారు చెప్పినట్టే అంది నిస్సి. "సంతోషమ్మగారికి మీ దగ్గర్నించి సమాధానం కావాలటండీ."

రాహేలమ్మ చేతిలో ఉల్లిపాయ కింద పెట్టింది. "ఏం కావాలందీ?"

"సమాధానం."

నిస్సి పెదాలు కదులుతున్నాయి. అంటే జవాబండీ, అని వచ్చేస్తోంది. నేను వెనకనించి గట్టిగా గిల్లాను.

"కొంచెం మంచినీళ్ళిస్తారా అండీ?" అంది నిస్సి.

నీళ్ళూ లేవు, ఏమీ లేవు. రాహేలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేసింది. "సమాధానం కావాలందా? నా చెల్లెలు! ఆరేళ్ళూ దెబ్బలాటకే గదమ్మా మనుషుల్ని పంపింది. సమాధానపడదాం అక్కా అని ఒక్కసారి కబురంపితే నేను రానా? ఈ మాట కోసమే గదా కాచుక్కూచున్నాను!"

నిస్సి నావైపు చూసింది. 

రాహేలమ్మ లేచింది. లోపలికెళ్ళి నిన్నటి చేపల పులుసు గిన్నెతో సహా పట్టుకొచ్చింది. "దానికి నిన్నటి పులుసంటే ప్రాణం," అని గిన్నె నిస్సి చేతుల్లో పెట్టి, మాతోపాటే పడవెక్కింది. పడవలో ఆ పిల్ల గిన్నెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని కూచుంది. చీర మీద పులుసు పడింది కూడా, చూసుకోలేదు.

రేవులో మాస్టారు లేచి నిలబడి, గిన్నె వైపు చూసి, "ముక్కలెన్నున్నాయమ్మా?" అని మాత్రం అడిగారు.

"సంతోషం! ఒసే సంతోషం!" అని వీధి మొదట్లోనే కేక పెట్టింది రాహేలమ్మ. సంతోషమ్మ అరుగు మీంచి దిగిన తీరు చూడాలి, అరవయ్యేళ్ళ మనిషి కాళ్ళకి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. అక్కని వాటేసుకుని ముందడిగిన మాట ఒక్కటే.

"ఎందుకు మాటాడ్డం మానేశావే అక్కా?"

"మీ బావకి గుండెనొప్పొచ్చిన రోజు పడవెక్కి పరిగెత్తుకొచ్చి, ఇదే గుమ్మంలో గొంతు పోయేలా పిలిచానే! లోపల రేడియో మోగుతోంది. నువ్వు బయటికి రాలేదు!"

"అయ్యో నా తల్లీ! నేను ఇంట్లో ఉంటేగా! దొంగల భయానికి నేను ముందు తలుపు లోపల గడియపెట్టి, రేడియో మోగిస్తూనే పెరటి తలుపుకి తాళమేసి పోతాను!"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగితేగా!"

ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు, మధ్యలో ఏడుస్తున్నారు, పడీ పడీ నవ్వుతున్నారు. వీధి వీధంతా పోగైంది. నాకైతే ఎంత సంతోషమేసిందంటే, నోరు విప్పొద్దన్న సంగతే మర్చిపోయి "హల్లెలూయ!" అని ఒక్క కేక పెట్టాను.

కాసేపటికి వాళ్ళు లోపలికెళ్ళారు. అన్నం వడ్డించుకుంటున్న చప్పుడు వినిపించింది. నిస్సి మాస్టారి పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"చెల్లెలు అడిగింది జవాబు. అక్క విన్నది శాంతి. రేపు కూటంలో ఏ అర్థం చెప్పమంటారు మాస్టారూ?"

మాస్టారు గుమ్మంలోంచి లోపలికి చూశారు.

"ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు," అన్నారు. "వెళ్ళి ఎవరి ముద్ద వాళ్ళకి విడదీసి రా, చూద్దాం."

నిస్సి చెప్పులు విప్పి, చేతులు కడుక్కోవడానికి బిందె దగ్గరికి వెళ్ళింది.