పీకేసిన గెడలు

చెబుతాను, కుదురుగా కూర్చోండి పిల్లలూ. మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో తుంగపాడు అనే రాజ్యం ఉండేది. దాని పొలిమేరలో పెద్ద ఊబి. పైన పచ్చని జమ్ము, జానెడు నీళ్ళు. కింద ఏనుగునైనా మింగే బురద.

ఆ ఒడ్డున బెస్తవాళ్ళు ఉండేవారు. ఏటా వానలు వెలిశాక వాళ్ళు వరసగా దిగి, కాలితో తడిమి, గట్టినేల తగిలినచోటల్లా ఒక గెడ పాతేవారు. మరుసటి వానలకు ఆ దారి మారిపోయేది. గెడ ఉంటేనే దారి, లేకపోతే లేదు.

ఒక ఏడు పక్కరాజు దండెత్తి వచ్చాడు. తుంగపాడు రాజు రణకేసరి గెడల వెంట సైన్యాన్ని ఊబి దాటించి అవతలి మిట్టమీద నిలిపాడు.

"ఇక ఆ గెడలు పీకేయండి! వాటిని చూసి శత్రువు మన కోటకు వచ్చేస్తాడు" అన్నాడు.

నూకాలు అనే బెస్త ముసలమ్మ పరుగున వచ్చి కాళ్ళమీద పడింది. ఆమెకున్న ఒక్క కొడుకు పైడయ్య ఆ సైన్యంలోనే ఉన్నాడు.

"వద్దు ప్రభూ! మీరు తిరిగి రావాలన్నా అదే దారి."

"నా సైన్యం వెనక్కి తిరగదు."

"పోనీ, నాలుగు బారలకు ఒక్క గెడైనా ఉంచండి."

"పిరికిమాటలు చాలించు!"

"పోనీ, ఆ ఇనుప కవచాలైనా విప్పించండి. దిగబడితే పైకి రాలేరు, దొరా!"

"కవచం విప్పితే వాడు భటుడా, చేపలవాడా?" అని రాజు నవ్వాడు. మంత్రులూ నవ్వారు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది!

గెడలన్నీ పీకి, వాటితోనే ఆ పూట వంటలు వండుకున్నారు.

యుద్ధం మూడు గడియలైనా సాగలేదు. రణకేసరి సైన్యం విరిగి వెనక్కి పరుగెత్తింది. ఎటు చూసినా ఒకటే జమ్ము. అడుగు ఎక్కడ వేయాలి? ముందు ఏనుగులు దిగబడ్డాయి. తరవాత గుర్రాలు. ఆపైన మనుషులు. శత్రువులు మిట్టమీద నిలబడి చూశారంతే, ఒక్క బాణం కూడా వేయలేదు.

నూకాలు తన చిన్న పడవ, అదే దోనె, తోసుకుంటూ వెళ్ళింది.

"పైడయ్యా! ఒరే పైడయ్యా!"

"అమ్మా, ఇటు!" అని దూరాన కొడుకు గొంతు వినిపించింది. అటు తిప్పేలోగా, మెడదాకా మునిగిన రాజు దోనె అంచు పట్టుకున్నాడు.

"ముందు నన్ను లాగు!"

"వదలండి ప్రభూ, నా బిడ్డ!"

రాజు వదల్లేదు. దోనె కదల్లేదు. చేసేది లేక లాగింది. ఆ కవచం బరువుకు ఆయన పైకి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికి అటునుంచి కేక ఆగిపోయింది.

రాజు, "ఏం కావాలో కోరుకో తల్లీ. ఊళ్ళకు ఊళ్ళు ఇస్తాను" అన్నాడు.

"నా కొడుకు కావాలి" అంది నూకాలు.

రాజు తల దించుకున్నాడు. అయ్యో, ఇప్పుడు దించుకుని ఏం లాభం? ఆమె పొద్దుగూకేదాకా బురదంతా వెతికింది. పైడయ్య దొరకలేదు.

నేల ఎరిగినవాళ్ళ మాట పెడచెవిన పెట్టేది రాజులు, ప్రాణాలు పోగొట్టుకునేది పేదవాళ్ళ బిడ్డలు. అందుకే ఆ మాటేదో అడుగు వేయకముందే వినాలి.