సన్నాయి గొంతు

పశువైద్యుడు చిదంబరంగారి దగ్గర విద్య నేర్చుకొంటున్న హిమబిందు ఒకనాడు ఆయనను ఇలా అడిగింది: ఏ లోపమూ పైకి కనిపించని మేలుజాతి కుక్కకు, కేవలం దాని తల్లి జబ్బును తలచుకొని, సంతానం లేకుండా చేయడం న్యాయమేనా? చిదంబరంగారు వాదించే మనిషి కారు. చేతులు కడుక్కొని, తుడుచుకొని, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు.

కొల్లేటి అంచున బాతులు మేపుకొనే సింగారమ్మకు ఒక జోనంగి కుక్క ఉండేది. ఆ జాతి కుక్కలు మొరగడం అరుదు. గొంతు సాగదీసి రాగం తీస్తాయి. దీని రాగం మరీ తీయన కావడంతో ఆమె దానికి సన్నాయి అని పేరు పెట్టింది. సాయంత్రం ఆ గొంతు వినబడితే చాలు, నీళ్ళలో చెదిరిన బాతులన్నీ గట్టుకు చేరేవి. ఐదో ఏట సన్నాయికి మూర్ఛలు మొదలయ్యాయి. దాని తల్లి కూడా ఆ జబ్బుతోనే పోయింది. మూర్ఛ వచ్చినప్పుడల్లా సింగారమ్మ పక్కన కూర్చొని, అది తిరిగి తనను గుర్తుపట్టేవరకు పేరు పెట్టి పిలుస్తూ ఉండేది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. చివరిసారి అది గుర్తుపట్టలేదు.

సన్నాయి పిల్లల్లో మిగిలినది ఒక్క కొడుకు, డోలు. తల్లి గొంతే దానికీ వచ్చింది. ఏడాది తిరిగాక, చేపల చెరువుల కొండలరాజు తన ఆడ జోనంగిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"పెళ్ళిచూపులకొచ్చాం సింగారమ్మా, పెళ్ళికొడుకును ముస్తాబు చెయ్యి" అని నవ్వాడు. పుట్టే పిల్లల్లో సన్నాయి గొంతు వచ్చినదాన్ని ఆమెకే ఇస్తానన్నాడు.

ఆ మాట కోసమే ఆమె ఏడాదిగా ఎదురుచూస్తున్నది. అయినా సన్నాయి సంగతీ, దాని తల్లి సంగతీ దాచకుండా చెప్పింది. డోలుకు నాలుగేళ్ళు నిండాయి, ఒక్కసారైనా మూర్ఛ రాలేదు కదా అన్నాడు రాజు.

"వీడికి రాలేదు రాజుగారూ. వీడి పిల్లలకు రాదని నేను మాటివ్వలేను."

మరుసటి వారం ఆమే డోలును చిదంబరంగారి దగ్గరకు తెచ్చి, ఇక దానికి పిల్లలు కలగకుండా శస్త్రచికిత్స చేయించింది. డోలు పద్నాలుగేళ్ళు బ్రతికింది. ఒక్క మూర్ఛ కూడా రాలేదు. అది పోయాక, ఎక్కడ జోనంగి పిల్లలు పుట్టాయని విన్నా సింగారమ్మ వెళ్ళేది. ఒక్కొక్కదాన్నే ఒళ్ళోకి తీసుకొని, అది గొంతు విప్పేవరకు కూర్చొని, విని, మళ్ళీ తల్లి పక్కన పడుకోబెట్టి వచ్చేది.

"అయితే ఆ గొంతు ఊరికే పోయినట్టే కదండీ" అంది హిమబిందు.

"కావచ్చునమ్మా" అన్నారు చిదంబరంగారు. "జబ్బు వస్తుందో రాదో తేల్చుకోవడానికి ఆమె కుక్కపిల్లల్ని పుట్టించలేదు."