శ్రీ పడని చెయ్యి

అనగనగా ఒక రాజు... ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. ఊఁ అన్నారా? సరే, అయితే వినండి.

కంకణాపురమని ఒక రాజ్యం. దానికి ప్రతాపకేసరి రాజు. ఆయనకు లేక లేక పుట్టిన కొడుకు ఉదయసేనుడు. వాడికి పన్నెండేళ్ళు. చదువుకోవడానికి రోజూ కోట పక్కన పెంకుటింటి బడికి వెళ్ళేవాడు. బడిలో పంతులుగారి పేరు శేషావధానులు.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు తడి సుద్దతో 'శ్రీ' రాసేవారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఇక ముప్పయ్యోవాడి సంగతి మీరే ఊహించుకోండి. ఉదయసేనుడికి మాత్రం ఎప్పుడొచ్చినా శ్రీయే. రాజుగారి కొడుకు కదా మరి!

బడి లోపల ముప్పైమంది పిల్లలు. బయట చూరు కింద మరో ఆరుగురు. వాళ్ళు ఊరి చివర పాకల్లోంచి వచ్చేవాళ్ళు. లోపలికి రాకూడదు, చాప మీద కూర్చోకూడదు, పంతులుగారి హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు ఉండవు. ఎండొస్తే ఎండలో, వానొస్తే వానలో నిలబడి, కిటికీలోంచి వినబడ్డంత చదువు వినేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఏనాడూ శ్రీ పడలేదు.

లోపల పాఠమేమిటో తెలుసా? "దయ యనగా ఇతరుల బాధను తన బాధగా తలచుట! రాజ్యమున పుట్టిన ప్రతివారికి రాజ్యమున సమానమైన హక్కు కలదు!" ఇదీ పాఠం. ముప్పైమందీ కొంపలంటుకున్నట్టు అరిచేవాళ్ళు. చూరు కింద వానలో తడుస్తూ ఆ ఆరుగురూ అదే అరిచేవాళ్ళు. పంతులుగారు కళ్ళు మూసుకుని తలాడించేవారు. కళ్ళు తెరిస్తేగా ఆయనకేమైనా కనబడేది!

ఆ ఆరుగురిలో పైడి అని ఒక పిల్ల. ఉదయసేనుడు పాఠం మధ్యలో తడబడితే కిటికీ అవతలినుంచి మెల్లగా అందించేది. ఒకసారి వాడే అడిగాడు, "నీ పేరేంటి?" అని. "పైడి, దొరబాబూ" అంది. అంతే. మిగతా అయిదుగురి పేర్లూ వాడెప్పుడూ అడగలేదు.

ఒకరోజు పొద్దున ఉదయసేనుడు వచ్చేసరికి బడి గుమ్మంలో ఒక కొత్త పిల్ల నిలబడి ఉంది. అయిదేళ్ళుంటాయేమో. వాగు గట్టున గుడారాలేసుకున్న దేశదిమ్మరుల పిల్ల. అందరికంటే ముందొచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు పాపం, ముందొస్తే శ్రీ రాస్తారని. పంతులుగారి ముందు బుల్లి చెయ్యి చాపింది.

"చూరు కింద పిల్లలకు శ్రీ ఏమిటే? అవతలికి పో!" అన్నారు పంతులుగారు.

పిల్ల చెయ్యి చటుక్కున వీపు వెనక దాచేసుకుంది. ఉదయసేనుడి వైపు తిరిగి, "మరి నేనెక్కడ కూచోవాలి?" అని అడిగింది.

వాడేం చేశాడు? వేలెత్తి చూరు కింద చోటు చూపించాడు. తరువాత తన చెయ్యి చాపి శ్రీ రాయించుకుని లోపలికి పోయాడు. పేరైనా అడగలేదు.

మర్నాడు పాఠంలో వాడు తడబడ్డాడు. అలవాటుగా కిటికీ వైపు చూశాడు. మాట అందలేదు. లేచి చూస్తే చూరు కింద ఒక్కరూ లేరు.

"పంతులుగారూ! బయట పిల్లలు లేరండీ!"

శేషావధానులు పట్టీ తీశారు. "పట్టీలో ముప్పై. బడిలో ముప్పై. ఎవరూ తప్పిపోలేదు. కూర్చో నాయనా."

ఏడుగురు పిల్లలు మాయమైతే, ఎవరూ తప్పిపోలేదట! ఉదయసేనుడు తండ్రి దగ్గరకు పరుగెత్తాడు. రాజుగారూ పట్టీ తెప్పించుకు చూసి అదే మాట అన్నారు. పాకల్లో ఏడుపులు కోటదాకా వినబడుతూనే ఉన్నాయి. గుడారాలవాళ్ళు పిల్లను వెతుక్కుంటూ ఊళ్ళోకొస్తే, భటులు దొంగలని కొట్టి తరిమేశారు.

వాడు చూరు కింద కూలబడి ఏడుస్తుంటే పైనుంచి ఒక ఉడుత దిగొచ్చింది.

"ఇప్పుడేడ్చి ఏం లాభం అబ్బాయీ? కరాళుడనే మాంత్రికుడు పట్టుకుపోయాడు. వాడికొక వరముంది. పట్టీకెక్కిన వాళ్ళ జోలికి పోకూడదు, పట్టీకెక్కని వాళ్ళంతా వాడికి సొంతం. ఏడు సముద్రాల అవతల వాళ్ళను చిలకల్ని చేసి ఉంచుతాడు. వాడి ప్రాణం కూడా వాటి మధ్యే కలిపి ఉంచిన మరో చిలకలో దాచుకున్నాడు. ఎవరి పేరు పెట్టి వాళ్ళను పిలిస్తే మళ్ళీ మనుషులవుతారు" అంది.

ఉదయసేనుడు ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. సముద్రపు ఒడ్డున ఇసుకలో గిలగిల్లాడుతున్న చేపను నీళ్ళలో వదిలాడు. చేప మూడు సముద్రాలు దాటించి, "ఎవరి కోసమయ్యా ఈ పాట్లు?" అనడిగింది.

"చూరు కింద పిల్లల కోసం."

"అది చోటు కదయ్యా, పేరెలా అవుతుంది?" అని మునిగిపోయింది.

అక్కడ వెల్లకిలా పడ్డ తాబేలును తిరగేసి నిలబెట్టాడు. తాబేలు మరో మూడు సముద్రాలు దాటించి, అదే మాట అడిగింది. వాడూ అదే మాట చెప్పాడు. "అది చోటు కదయ్యా, పేరెలా అవుతుంది?" అంది అదీనూ.

ఏడో సముద్రం దగ్గర వలలో చిక్కిన గండభేరుండాన్ని విడిపించాడు. అది వీపునెక్కించుకుని అడిగింది, "ఎవరి కోసం?" అని. "నాకొక్క పేరే తెలుసు. పైడి. ఆరుగురి పేర్లు తెలీవు. ఏళ్ళ తరబడి పక్కనే ఉన్నారు, నాకు తెలీవు!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్షి వాణ్ణి సముద్రం దాటించి ఒక ద్వీపంలో దించింది.

ద్వీపంలో ఒక ఇనప పంజరం. అందులో ఎనిమిది చిలకలు, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. వాణ్ణి చూడగానే ఎనిమిదీ గొంతెత్తాయి. "దయ యనగా ఇతరుల బాధను తన బాధగా తలచుట!"

తప్పు చదివేది మాంత్రికుడి చిలక అయ్యుంటుందనుకున్నాడు. ఊహూఁ! ఎనిమిదీ పొల్లు పోకుండా చదివాయి. పాఠం అప్పజెప్పడానికేముంది, ఎవడైనా అప్పజెబుతాడు.

పంజరం తలుపు తీసి, "పైడీ!" అని పిలిచాడు.

"వచ్చానండీ!" అంటూ ఒక చిలక పిల్లయి నిలబడింది. వాణ్ణి చూసి, "దొరబాబూ, నువ్వొచ్చావా!" అని బావురుమంది. తరువాత కళ్ళు తుడుచుకుని తనే పిలిచింది. సన్నాసీ! లచ్చుమూ! ఎర్రయ్యా! బంగారీ! గున్నయ్యా! "వచ్చానండీ, వచ్చానండీ" అంటూ ఒక్కొక్కరే నిలబడ్డారు. రెండు చిలకలు మిగిలాయి.

"ఆ కొత్త పిల్ల పేరేంటి పైడీ?"

"తెలీదు దొరబాబూ. ఆ రోజే వచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టుకుని ఏడుస్తా కూచుంది. ఏడుపాపాక అడుగుదామనుకున్నాను. ఈలోగా వాడొచ్చేశాడు."

అప్పుడే పెద్ద గాలి లేచింది. కరాళుడు ఆకాశంలోంచి దిగాడు. తన చిలక రాజకుమారుడి చేతికి చిక్కబోతోందని తెలిసి కూడా పకపకా నవ్వాడు.

"ఏం రాజకుమారా, ఆలోచిస్తున్నావు? నాకు భయపడితే రెండింటి మెడలూ నులిమెయ్యి! నేనూ చస్తాను, నీ పనీ అయిపోతుంది. పోయేది ఒక్క దిమ్మరి పిల్లేగా. దాని పేరు మీ పట్టీలో కూడా లేదు!"

పిల్లలంతా ఉదయసేనుడి వైపు చూశారు. వాడు రెండు చిలకల్నీ చేతుల్లోకి తీసుకున్నాడు. రెండింటి గుండెలూ ఒకేలా టకటకా కొట్టుకుంటున్నాయి. నులిమాడా? లేదు. వాటిని మెల్లగా బండమీద నిలబెట్టాడు. నేలమీద సుద్దరాయి ముక్కొకటి ఏరుకుని, పంతులుగారి గొంతు పెట్టి అన్నాడు.

"ముందొచ్చిన వాళ్ళకు శ్రీ రాస్తాను. చెయ్యి చాపండి!"

ఒక చిలక గబుక్కున కాలు చాపింది. రెండోది కాలును పొట్ట ఈకల్లోకి లాగేసుకుని దాచుకుంది.

ఉదయసేనుడి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దాచుకోవడం ఎవరికి తెలుసో వాడికి తెలుసు. ఆ చెయ్యి దాచుకున్నప్పుడు పక్కనే నిలబడ్డాడు కదా! చాపిన చిలక మెడ పట్టుకుని నులిమాడు. కరాళుడు కొండ విరిగినట్టు పడి చచ్చాడు.

మాంత్రికుడు చచ్చినా ఆ చిన్న చిలక మాత్రం చిలకగానే ఉండిపోయింది. పేరు పెట్టి పిలిచేవాళ్ళేరీ?

పిల్లలతో, చిలకతో తిరిగొచ్చి వాడు తిన్నగా వాగు గట్టుకు పరుగెత్తాడు. గుడారాల్లేవు. చల్లారిన పొయ్యి రాళ్ళున్నాయి. దేశమంతా వెతికించాడు. ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

జరిగింది విని శేషావధానులు పట్టీ తీసి ముందు పెట్టుకున్నారు. పైడిని లోపలికి పిలిచి, "పేరు చెప్పు తల్లీ" అన్నారు. ఆ రోజు ఆరు పేర్లు ఎక్కాయి. ఏడో వరస ఖాళీగా వదిలారు.

ఉదయసేనుడు పెద్దవాడై రాజయ్యాడు. పెళ్ళి చేసుకుంటావా అని పైడిని అడిగితే, "బడి పట్టీ రాసే పని నాకిస్తేనే" అంది. ఇచ్చాడు. ఆకాశమంత పందిరి, భూదేవంత పీట. అంతా బాగానే ఉంది.

రోజూ పొద్దున ఆ చిలక అందరికంటే ముందొచ్చి బడి కిటికీలో వాలేది. పట్టీ పిలవడం అయ్యాక పిల్లలు దానికోసం రోజుకో పేరు పిలిచేవాళ్ళు. నాంచారీ! రంగీ! చుక్కమ్మా! చిలక తల వంచి వినేది. ఉహూఁ. రాజుగారు స్వయంగా వచ్చి సుద్దముక్క పట్టుకుని నిలబడేవాడు. అది కాలు పొట్టలోకి లాక్కునేది. ఆయన సుద్దముక్క కింద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఆయన జుట్టు నెరిసింది.

ఒక ముసురు రోజున గుమ్మంలోకి ఎవరో కొత్త పిల్ల వచ్చింది. తడిసి ముద్దయింది. "నేనెక్కడ కూచోవాలి?" అనడిగింది.

రాజుగారు నోరు తెరిచేలోపలే చాపమీదున్న ఒక చిన్నది జరిగి చోటిచ్చింది. "ఇటు రావే! నీ పేరేంటి?"

కిటికీలో చిలక అది విన్నది. మెల్లగా ఎగిరొచ్చి రాజుగారి చేతిమీద వాలింది. కాలు చాపింది.

ఆయన శ్రీ రాశాడు. ఆ బుల్లి కాలిమీద అక్షరం సరిగ్గా పట్టనే లేదు. సగం తన వేలిమీద పడింది. ఆ సగాన్ని ఆయన ఆ రోజంతా కడుక్కోలేదు.

కథ ఇంతేనర్రా. రాజూ రాణీ చాలాకాలం చల్లగా ఏలారు. ఆ పట్టీలో ఏడో వరస మాత్రం ఇంకా ఖాళీయే. మీకేదైనా పేరు తోస్తే, పొద్దున్నే లేచి గట్టిగా పిలవండి.